షానైస్ ఆడని ఫైనల్

ఫిబ్రవరి 6, గురువారం

గెలిచాం. ఇక సెమీఫైనల్ ఒక్కటి దాటితే ఫైనల్.

ఈరోజు బాస్కెట్‌బాల్ ఆట చూసినవాళ్లెవరూ షానైస్‌కు ముప్పై ఐదేళ్లంటే నమ్మరు. చివరి క్వార్టర్లో బంతి తట్టుకుంటూ తీరిగ్గా నడిచొచ్చింది, బజారుకు వచ్చినట్టు. ఎదురుగా ఉన్న పిల్ల ఒక అడుగు కుడివైపుకు వేసేదాకా ఆగింది. అంతే, ఎడమవైపు నుంచి మాయమైంది. ఆ పిల్ల వెనక్కి తిరిగేసరికి బంతి వలలోంచి కింద పడుతోంది. గ్యాలరీలో ఆడవాళ్లంతా లేచి నిలబడి, సంతోషం పట్టలేక నాలుక ఆడిస్తూ కూసే జగ్‌రూతలు వేశారు. నాకూ వేయాలనిపించింది కానీ నా గొంతుకు అది రాదు.

బంతిని ముందుకు తీసుకొచ్చి, ఎవరెక్కడ నిలబడాలో చెప్పి, ఆటంతా నడిపించే మనిషిని గార్డ్ అంటారని ఈ క్లబ్బులో ఫిజియోగా చేరాకే నాకు తెలిసింది. ఇప్పుడు గార్డ్ ఎవరో బంతి చూడకుండానే చెప్పేస్తాను. అందరికన్నా ఎక్కువ మాట్లాడే మనిషి గార్డ్.

మా ఆయన ఇంతియాజ్, తను పనిచేసే అహ్మది నుంచి ఫోన్ చేసి, "గెలిచినారంట గదా మీవాళ్లు" అన్నాడు. "మావాళ్లు కాదు, మేము" అన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

ప్రాక్టీసు అయ్యాక షానైస్ మోకాళ్లకు ఐసు కట్టాను. ఆ అరగంటే మేం మాట్లాడుకునే సమయం. ఆమె ఇంగ్లీషు మొదట్లో సగమే అర్థమయ్యేది. ఇప్పుడు ఆమె నెమ్మదించిందో, నా చెవి పదునెక్కిందో గానీ హాయిగా సాగిపోతోంది.

"కొత్త ఊళ్లో దిగగానే నేను మొదట ఏం వెతుకుతానో చెప్పు" అంది.

"చర్చి?"

"కాదు. నా జుట్టు అల్లగలిగే మనిషిని. పోలెండ్‌లో జడలు వేయించుకోవడానికి రెండు గంటలు రైల్లో పోయేదాన్ని. కజకిస్తాన్‌లో దొరకలేదు, గుండు చేయించుకున్నాను. ఇక్కడైతే ఫర్వానియాలో ఒక నైజీరియా ఆమె దొరికింది. అందుకే కువైట్ అంటే నాకు ఇష్టం."

అమెరికాలో పెద్ద లీగ్‌లో చోట్లు చాలా తక్కువట. చోటు దక్కని అమ్మాయిలు బ్యాగు సర్దుకుని ప్రపంచం మీద పడతారట. ఈమె ఏడు దేశాల్లో ఆడింది. ఎక్కడా కప్పు గెలవలేదు. రెండో స్థానం పతకాలు మాత్రం ఉన్నాయి, అవి ఒహాయోలో వాళ్లమ్మ వంటగది గోడకు వేలాడుతున్నాయట.

"వంట చేస్తున్నప్పుడు కిటికీలోంచి గాలొస్తే అవి ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తాయి. ఆ చప్పుడంటే నాకు అసహ్యం" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఇదే నా ఆఖరి సీజన్, ఫర్హత్. ఇంకెవరికీ చెప్పలేదు" అంది.

నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాసుకోవడం చెప్పడం కిందికి రాదు.

నేను చేసిన కరివేపాకు కారం ఆమ్లెట్ మీద చల్లుకుని తింటోందట. ఇంకో సీసా కావాలంది.

ఫిబ్రవరి 13, గురువారం

ఫైనల్‌కు వెళ్లాం. సంతోషంగా రాయాల్సిన రోజు.

ఆట ముగియబోతుండగా షానైస్ బంతితో పైకి లేచింది. అవతలి జట్టు పొడుగుపిల్ల మోచేయి వచ్చి ఆమె కణతకు తగిలింది. కింద పడ్డప్పుడు తల వెనకభాగం నేలకు కొట్టుకుంది. ఆ చప్పుడు నాకు బెంచీ దాకా వినిపించింది. నేను లేచి పరిగెత్తాను. నేను చేరేలోపే ఆమె లేచి నిలబడి, చెయ్యి ఊపి నన్ను వెనక్కి పొమ్మంది. కూర్చోమని అరిచాను. వినలేదు. ఫౌల్ ఇచ్చారు, ఫ్రీత్రోలు రెండూ ఆమే వేసింది. రెండూ పడ్డాయి. ఆ రెండు పాయింట్లతోనే గెలిచాం.

డ్రెస్సింగ్ రూములో అందరూ పాటలు, చప్పట్లు. షానైస్ నన్ను చూసి "గెలిచామా?" అంది. పిల్లలంతా పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు మిగతావాళ్ల నవ్వు మొదలైన తర్వాత మొదలైంది.

డ్రెస్సింగ్ రూము చూసుకునే నాగేశ్వరి, మా పక్కూరు పిల్లే, నన్ను బయటికి పిలిచింది.

"అక్కా, నా మాట తప్పయితే తిట్టు. ఆయమ్మ చేతిలో నీళ్ల బాటిల్ పెట్టుకోనే నన్ను నీళ్లు అడిగింది. ఇచ్చినాక మళ్లా అడిగింది."

"నేనూ చూసినాను నాగేశ్వరీ" అన్నాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

స్కాన్ తీయించాను. ఏమీ లేదు. రక్తస్రావం లేదు, వాపు లేదు. డాక్టరు చూసి, "తలనొప్పి, మరుపు లాంటివేమీ లేకపోతే ఆడొచ్చు. రోజూ గమనించు" అన్నాడు.

లేకపోతే. ఆ ఒక్కమాట నేను తప్ప ఇంకెవరూ విన్నట్టు లేదు. కోచ్ హనాన్ అక్కడే డాక్టరుకు దండం పెట్టినంత పని చేసి, మొత్తం జట్టుకు ఫోన్లో మెసేజ్ పెట్టేసింది: "అల్‌హమ్దులిల్లా, షానైస్ క్షేమం."

షానైస్ నన్ను కౌగిలించుకుంది. వెలుతురు ఇబ్బందిగా ఉందా అని అడిగాను. లేదంది. హాస్పిటల్ వరండాలో కూడా నల్లకళ్లద్దాలు తీయలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

దెబ్బ తగిలాక మెదడు పనితీరు చూడటానికి మాకొక పరీక్ష ఉంటుంది. ఐదు మాటలు చెప్పి, ఇంకేవో అడిగి, కాసేపయ్యాక ఆ ఐదూ మళ్లీ చెప్పమంటాం. కుర్చీ, నిమ్మకాయ, కిటికీ, గుర్రం, దారం. షానైస్ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. సీజన్ మొదట్లో చేసినప్పటికన్నా వేగంగా చెప్పింది.

ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడమంటే నిలబడింది. కాస్త ఊగింది. నేనైనా ఊగుతాను.

అంతా బాగుంది. మంచిదే.

ఫిబ్రవరి 16, ఆదివారం

బాగుందని నిన్న ఎందుకు రాశానో.

ఈరోజు ప్రాక్టీసులో ఆమె ఒక ఎత్తుగడ పేరు అరిచింది. పిల్లలెవరూ కదల్లేదు. అలాంటి పేరు మా జట్టులో లేదు. పందొమ్మిదేళ్ల దలాల్, షానైస్ విశ్రాంతి తీసుకున్నప్పుడు గార్డ్‌గా ఆడే పిల్ల, మెల్లగా నా దగ్గరికొచ్చి, "అది ఏ భాష?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. పోలిష్ అయ్యుంటుంది.

ఫిబ్రవరి 17, సోమవారం

మళ్లీ పరీక్ష చేశాను. "మొన్ననే చేశావుగా" అంది. "రోజూ చేయమన్నారు" అన్నాను. అదే గది, అదే బల్ల. మాటలు మాత్రం మార్చాను. దువ్వెన, వాన, గొడుగు, పిల్లి, ఉంగరం.

మొహం మారింది. నేను గమనించనట్టు మిగతా ప్రశ్నలు అడిగాను. కాసేపయ్యాక, "ఇప్పుడు ఆ ఐదూ చెప్పు" అన్నాను.

"దువ్వెన" అంది. ఆగింది. "వాన." చాలాసేపు నేల చూసింది. "నిమ్మకాయ."

ఆ మాటను కాగితం మీద రాసుకున్నాను.

"నువ్వు మోసం చేశావు" అంది. "ఎప్పుడూ అడిగే మాటలు అవి కావు."

"ఎప్పుడూ అడిగేవి కంఠతా పట్టింది ఎవరు?"

"నాకు నిద్ర సరిగా లేదు. ఫైనల్ ముందు ఎవరికైనా అంతే. ఫర్హత్, నాలుగు రోజులు. నాలుగు రోజుల తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు నన్ను మంచానికి కట్టేయ్. ఎముక విరిగిందా? లేదు. స్కాన్‌లో ఉందా? లేదు. నా తల, నా ఆట."

"తల ఇంకా నయం కాకముందే మళ్లీ దెబ్బ తగిలితే ఏమవుతుందో నీకు తెలుసు."

"తగలదు."

"మొన్న కూడా తగలదనే అనుకున్నావు."

ఆమె లేచి నిలబడింది. నాకంటే అడుగు పైనే ఎత్తు. "పదకొండేళ్లు" అంది. ఇంకేదో అనబోయింది. తలుపు వేసుకుని వెళ్లిపోయింది, గట్టిగా కూడా వేయలేదు. గట్టిగా వేసి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 18, మంగళవారం

కోచ్‌కు చెప్పాను.

"ఐదు మాటలా?" అంది హనాన్. "నాకు మా ఇంట్లో ఐదుగురి పుట్టినరోజులు గుర్తుండవు. నన్నూ ఆపేస్తావా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. హనాన్ చెడ్డమనిషి కాదు. ఈ పిల్లలను రోడ్డు మీద ఆడేనాటి నుంచి పోగుచేసి జట్టుగా నిలబెట్టింది. ఆడపిల్లలు బాస్కెట్‌బాల్ ఏమిటి అన్నవాళ్లందరికీ ఈ గురువారం జవాబు చెప్పాలని ఆమె ఎన్నేళ్లుగా కాచుక్కూర్చుందో నాకు తెలుసు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

ఇంతియాజ్‌తో చెప్పాను. చాలాసేపు విని, "నువ్వు పొరబడినావేమో అని ఒక్కసారన్నా అనుకున్నావా?" అన్నాడు.

"అనుకున్నా."

"అయితే?"

"పొరబడి ఆపితే ఒక ఆట పోతాది. పొరబడి వదిలితే మనిషి పోతాది."

"మరి ఇంక నన్నెందుకు అడగతాండావ్?" అన్నాడు.

నిజమే. ఎందుకడిగానో.

ఫిజియోథెరపీలో బీపీటీ చదివి ఈ దేశమొచ్చి నాలుగేళ్లు బ్యూటీ సెంటర్లో కాళ్లు ఒత్తాను. ఫిజియో అని పిలిపించుకున్నది ఈ అల్ మర్సా క్లబ్బులోనే. ఇది పోతే మళ్లీ అక్కడికే. ఈ సంగతికీ ఆ సంగతికీ సంబంధం లేదు. ఊరికే రాశాను.

ఫిబ్రవరి 19, బుధవారం

మధ్యాహ్నం క్లబ్ అధ్యక్షురాలు బదరియా మేడం పిలిపించింది. గదిలో హనాన్ ఉంది, షానైస్ ఉంది. షానైస్ నన్ను చూసి కిటికీ వైపు తిరిగింది.

"స్కాన్ బాగుంది" అంది మేడం. "డాక్టరు ఆడొచ్చన్నాడు."

"లక్షణాలు లేకపోతే ఆడొచ్చన్నాడు. ఉన్నాయి."

"లేవని ఆమె అంటోంది."

షానైస్ వైపు చూడకుండా అన్నాను. "ఆమె అబద్ధం చెబుతోంది, మేడం."

షానైస్ ఇటు తిరిగింది. ఆ చూపు గురించి రాయను.

"పదకొండేళ్లుగా ఆడుతున్నాను" అంది మేడంతో. "నా ఒళ్లు నాకు తెలుసు. ఈమెకు ఈ ఆట వచ్చి ఏడాది కూడా కాలేదు. భయపడుతోంది, అంతే."

"అవును, భయంగానే ఉంది" అన్నాను.

హనాన్ అరబ్బీలో వేగంగా ఏదో మాట్లాడింది. మేడం చెయ్యెత్తి ఆపింది. "నేను ఆడమంటే?" అని నన్నడిగింది.

"రేపు నేను బెంచీ మీద కూర్చోను. ఎందుకు కూర్చోలేదని ఎవరడిగినా కారణం చెబుతాను."

"నన్ను బెదిరిస్తున్నావా?"

"లేదు మేడం. ఏం చేస్తానో ముందే చెబుతున్నా."

మేడం తన ఫోను బల్ల మీద బోర్లించి పెట్టింది.

"నిన్ను తీసుకున్నప్పుడు, ఆట హనాన్ చూసుకుంటుంది, ఒళ్లు నువ్వు చూసుకో అన్నాను. ఆ మాట నాకు అనుకూలంగా ఉన్నప్పుడే నిలబెట్టుకుంటానని అనలేదు. ఖలాస్. షానైస్ ఆడదు." ఆ తర్వాత, "కానీ ఓడిపోతే, సీజన్ అయ్యాక నీ సంగతి ఆలోచిస్తాం" అంది.

బయటికొచ్చాక షానైస్ నా పక్కనుంచే నడిచి వెళ్లింది. నా చేతిలో కరివేపాకు కారం సీసా ఉంది. పొద్దున ఇద్దామని తెచ్చాను.

ఫిబ్రవరి 20, గురువారం

ఓడిపోయాం.

ఫిబ్రవరి 21, శుక్రవారం

నాలుగు పాయింట్లు. ఇరవై, ముప్పై తేడాతో ఓడిపోతే ఇంత అనిపించేది కాదు. షానైస్ ఉంటే గెలిచేవాళ్లం. ఇందులో దాచేదేం లేదు.

షానైస్ మామూలు బట్టల్లో బెంచీ చివర కూర్చుంది. మొదటి క్వార్టరంతా చేతులు కట్టుకుని ఉంది. దలాల్ బంతి పోగొట్టుకుంటూనే ఉంది. రెండో క్వార్టర్లో షానైస్ లేచి, నా ముందు నుంచే వెళ్లి, హనాన్ పక్కన నిలబడింది. విరామంలో దలాల్ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని ఏదో చెప్పింది. ఏం చెప్పిందో వినపడలేదు. దలాల్ ఆ తర్వాత వేరే పిల్లలా ఆడింది. ఒక దశలో మేమే ముందున్నాం. ఈసారి మాత్రం గ్యాలరీలో జగ్‌రూతలతో పాటు నేనూ ఏదో అరిచాను.

ఆట అయ్యాక దలాల్ ఏడుస్తుంటే షానైస్ ఆమెను దగ్గరికి తీసుకుని నిలబడింది. షానైస్ మెడలో రెండో స్థానం పతకం. ఇంకొకటి.

ఒక్కమాట రాసి తీరాలి. ఆటంతా నేను షానైస్‌నే చూస్తూ కూర్చున్నాను. ఆమె కణత పట్టుకోవాలని, తూలాలని, కనీసం లైట్ల వెలుగుకు కళ్లు చిట్లించాలని కోరుకున్నాను. అందరి ముందూ. ఆమె బాధపడితే నా మాట నిజమవుతుందని. ఆమె ఏ ఇబ్బందీ లేకుండా చక్కగా నిలబడింది.

ఛీ, ఇదేం బుద్ధి.

ఫిబ్రవరి 24, సోమవారం

ఎవరూ ఏమీ అనలేదు. అనకుండా ఉండటం ఎంత చేతనవునో ఈ పిల్లలకు. నేను గదిలోకి పోతే మాటలు ఆగుతాయి. ఐసు తమకు తామే కట్టుకుంటున్నారు.

నాకేం బాధ లేదు.

ఫిబ్రవరి 27, గురువారం

జాతీయ దినాల సెలవులు అయిపోయాయి. షానైస్ తన ఫ్లాట్ నుంచి బయటికి రావడం లేదని నాగేశ్వరి చెప్పింది. అర్దియాలో ఆ బిల్డింగులోనే నాగేశ్వరి గది కూడా.

"కిటికీలకు దుప్పట్లు కట్టుకోనుండాది. అన్నం తీసకపోతే తలుపు కొంచెమే తెరిచి తీసుకునె. పలకరిచ్చే ఏడ్చినట్టుండాది అక్కా. నువ్వొక తూరి పోరాదా?"

"నన్ను రానిస్తాదా?"

"రానీకపోతే వాకిట్లో కుచ్చో. బయట బెంచీ మీద కుచ్చునేది నీకేం కొత్తా?"

నాకేం బాధ లేదని ఆ రోజు రాసిన మాట ఇప్పుడే చదివాను.

వెళ్లలేదు. డాక్టరుకు ఫోన్ చేసి, ఆమెను చూడమని చెప్పాను. నా పేరు చెప్పొద్దన్నాను.

మార్చి 1, శనివారం

రంజాన్ మొదలైంది. ఇంతియాజ్ అహ్మది నుంచి ఇంటికొచ్చాడు. మేముండే అబ్బాసియా అంతా సమోసాల నూనె వాసన.

డాక్టరు ఫోన్ చేశాడు. షానైస్‌కు ఇంకా రెండు వారాలు విశ్రాంతి కావాలన్నాడు. అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

మార్చి 8, శనివారం

ఇఫ్తార్‌కు గంజి కాచి, వడలు తీస్తున్నాను. బెల్ మోగింది. ఇంతియాజ్ తలుపు తీసి, వెనక్కి తిరిగి, "నీ కోసం ఎవురో మిద్దంత మనిషి వచ్చింది" అన్నాడు.

షానైస్. వెనక నాగేశ్వరి, తనకేం సంబంధం లేనట్టు మెట్లవైపు చూస్తూ.

అజాన్ వినిపించింది. మాటల్లేకుండా ఖర్జూరాలు పెట్టాను. షానైస్ కూడా నేల మీదే కూర్చుని, మాతో పాటే తీసుకుంది. గంజి గిన్నె రెండు చేతులతో పట్టుకుని తాగింది. కారమెక్కువైందా అంటే లేదంది. కళ్లలో నీళ్లున్నాయి. కారానికే అనుకున్నాను, అనుకోవడానికి ప్రయత్నించాను.

ఇంతియాజ్ నమాజుకు వెళ్లాడు. నాగేశ్వరి గిన్నెలు తీసుకుని వంటింట్లోకి పోయింది.

"సెమీఫైనల్ మూడో క్వార్టర్ నుంచి నాకేమీ గుర్తులేదు" అంది షానైస్.

చేతిలోని ఖర్జూరం కింద పెట్టాను.

"ఆ రెండు ఫ్రీత్రోలు నేనే వేశానట. వీడియోలో చూశాను. ఎవరో నా చొక్కా వేసుకుని వేసినట్టుంది. ఎవరైనా అడిగితే జవాబు చెప్పాలి కదా, అందుకని ఆ వీడియో మళ్లీ మళ్లీ చూసి నేర్చుకున్నాను. ఎవరు తగిలారు, స్కోరెంత, ఆ తర్వాత నేనేం అన్నాను, అన్నీ. నీ ఐదు మాటలూ అలాగే నేర్చుకున్నాను."

"తెలుసు" అన్నాను.

"ఫైనల్ రోజు కూడా బంతి కనిపిస్తోంది కానీ ఎంత దూరంలో ఉందో తెలియడం లేదు. అలాగే ఆడేదాన్ని. నువ్వు ఒప్పుకొని ఉంటే ఆడేదాన్ని, ఫర్హత్."

అప్పుడు నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అంత కోపం ఎక్కడ దాచుకున్నానో. "నీకు బుద్ధుందా?" అని తెలుగులోనే అరిచాను. "సచ్చిపోయేదానివి! నా చేతుల్లో సచ్చిపోయేదానివి!" వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. షానైస్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తల ఊపుతూనే ఉంది, అవునవునన్నట్టు.

ఆమె ఇంకా క్షమించమని అడగలేదు. నేనూ క్షమించానని చెప్పలేదు. వెళ్లేటప్పుడు వాకిట్లో ఆగి, "ఆ రోజు నీ చేతిలో సీసా ఉంది. అది నాకేనా?" అంది.

తెచ్చి ఇచ్చాను.

మార్చి 10, సోమవారం

షానైస్ బదరియా మేడం దగ్గరికీ, హనాన్ దగ్గరికీ వెళ్లి అంతా చెప్పిందట. నేను చెప్పమనలేదు.

హనాన్ నా గదికి వచ్చింది. నిలబడే, "నా తమ్ముడి కూతురికి నడుం నొప్పి, చూస్తావా?" అంది. చూస్తానన్నాను. ఆమె క్షమాపణ అంతే. చాలు.

మేడం నుంచి కబురేమీ లేదు.

మార్చి 23, ఆదివారం

షానైస్‌కు తలనొప్పి లేకుండా వారం. ఈరోజు సైకిలు తొక్కించాను. బంతి అడిగింది. ఇవ్వలేదు.

మార్చి 26, బుధవారం

బంతి ఇచ్చాను. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

ఏప్రిల్ 3, గురువారం

రంజాన్ పండగ అయింది. కొత్త మాటలతో పరీక్ష: తాళం, మిరపకాయ, చందమామ, సబ్బు, ఏనుగు. ఐదూ చెప్పింది. వరస తప్పకుండా. డాక్టరు కూడా చూసి ఒప్పుకున్నాడు.

"ఆడొచ్చు" అన్నాను. ఈ మాట ఆమెకంటే నాకే ఎక్కువ తీపిగా ఉంది. ఆపినదాన్ని నేనే కాబట్టి, వదిలేదాన్ని కూడా నేనే.

సీజన్‌లో ఇంక, లీగ్ కాకుండా విడిగా జరిగే కప్పు పోటీలు మిగిలాయి. జట్టును నడపడం దలాల్‌కే వదిలేసి, తాను బెంచీ మీంచి వస్తానని షానైసే హనాన్‌కు చెప్పింది.

ఏప్రిల్ 17, గురువారం

కప్పు సెమీఫైనల్లో మొన్న ఓడాం. ఈరోజు మూడో స్థానం కోసం ఆట. మూడో స్థానానికి గ్యాలరీ నిండటం నేనెప్పుడూ చూడలేదు. షానైస్‌కు ఇదే ఆఖరని ఎలాగో అందరికీ తెలిసిపోయింది. నేనైతే చెప్పలేదు.

రెండో క్వార్టర్లో దిగింది. మొదట్లో ఒంటి చుట్టూ జాగ్రత్త కట్టుకున్నట్టు ఆడింది. నాకు తెలుస్తోంది, ఆ మోచేయి గుర్తుకొస్తోందని. గుర్తులేనిదానికి కూడా ఒళ్లు భయపడుతుంది. మూడో క్వార్టర్లో ఒక పిల్ల ఆమె మీద పడింది. ఇద్దరూ కిందపడ్డారు. నేను లేచాను. షానైస్ నేల మీద నుంచే నా వైపు చూసింది. ఈసారి చెయ్యి ఊపి పొమ్మనలేదు. నేను వచ్చేదాకా కూర్చునే ఉంది.

"తల?" అన్నాను.

"తగల్లేదు. పిర్ర మీద పడ్డాను. చూసుకో."

చూశాను. కళ్లు, మెడ, అన్నీ. రిఫరీ గడియారం చూసుకుంటోంది. చూసుకోనీ. "ఎవరితో ఆడుతున్నాం? స్కోరెంత? ఇందాక బుట్టలో వేసిందెవరు?" అడిగినవన్నీ చెప్పింది. చివరికి, "నేనే అడుగుతా, ఇప్పుడు ఆడొచ్చా?" అంది.

"యల్లా, లే" అన్నాను.

లేచింది. ఆ తర్వాత ఆడిన ఆట నేను బతికినన్నాళ్లూ చెప్పుకుంటాను. తానొక్కతే ఆడలేదు. బంతి దలాల్‌కు, దలాల్ నుంచి మళ్లీ తనకు, ఇద్దరి మధ్యా దారం ఉన్నట్టు. దలాల్ వేసిన ఆఖరి బంతికి పాస్ ఇచ్చింది షానైసే, చూడకుండా, వీపు వెనకనుంచి. పన్నెండు పాయింట్ల తేడాతో గెలిచాం. హనాన్ ఆట ముగియక ముందే షానైస్‌ను బయటికి పిలిచింది, ఆమె ఒక్కతే నడిచి వచ్చేలా. అవతలి జట్టు కూడా నిలబడి చప్పట్లు కొట్టింది. నాగేశ్వరి తువ్వాళ్లన్నీ కింద పడేసి చప్పట్లు కొట్టింది. నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఐసు పెట్టె పట్టుకుని నిలబడ్డాను.

బయటికి వచ్చాక మేడం నా పక్కన ఆగింది. "వచ్చే సీజన్‌కు నీకింకో ఫిజియో తోడు కావాలా?" అంది. నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కావాలన్నాను.

ఏప్రిల్ 19, శనివారం

షానైస్ పొద్దున్నే వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టులో ఇద్దరం ఏడవలేదు. నాగేశ్వరి మా ఇద్దరి వంతూ ఏడ్చింది.

ఇంటికొచ్చి ఫోన్ చూస్తే దలాల్ ఒక వీడియో పంపింది. మొన్న ఆట అయ్యాక ఒక కువైటీ అమ్మాయి షానైస్‌తో మాట్లాడిన వీడియో. అప్పుడు నేను లోపల ఐసు సర్దుతున్నాను.

ఏడు దేశాల్లో ఆడారు కదా, ఒక్క ఛాంపియన్‌షిప్ కూడా రాలేదని బాధ లేదా అని ఆ అమ్మాయి అడిగింది. "ఉంది" అంది షానైస్. "ఎందుకు ఉండదు?" ఆ మాట ఆమె నవ్వుతూ అనలేదు. నాకది నచ్చింది.

ఇన్నేళ్లలో మీకు ఎదురుపడిన అందరికన్నా గట్టి డిఫెండర్, మిమ్మల్ని దాటనివ్వకుండా అడ్డుకున్న మనిషి, ఎవరని ఆ అమ్మాయి అడిగింది. షానైస్ కాసేపు ఆలోచించింది. టర్కీలో ఒకామె గురించి చెబుతుందనుకున్నాను, ఆమె గురించి నాకు చాలాసార్లు చెప్పింది.

"ఫర్హత్" అంది.

"ఏ జట్టు?"

"మా జట్టే. ఆడదు. ఐదడుగులు కూడా ఉండదు. ఇండియాలో రాయచోటి అనే ఊరు." రాయచోటిని ఆమె పలికిన తీరుకు మా ఊరివాళ్లెవరూ గుర్తుపట్టలేరు. "ఎటు పోదామన్నా ముందుకొచ్చి నిలబడింది. పదకొండేళ్లలో నేను దాటలేకపోయింది ఆమె ఒక్కతినే. అందుకే ఈరోజు మీతో ఇలా మాట్లాడగలుగుతున్నాను."

ఎన్నిసార్లు చూశానో రాయను.

ఇంతియాజ్ అప్పటికే దాన్ని ఊరికి పంపేశాడు. సాయంత్రం రాయచోటి నుంచి అమ్మ ఫోన్.

"ఏమే, ఆ పొడుగు పాప నీ పేరు చెప్తాంది గదా. ఏమంటాంది?"

"నన్ను దాటుకోని పోలేకపోయినానని చెప్తాందమ్మీ."

"నువ్వు గూడా ఆడినావా ఏంది, ఆ బంతాట?"

"ఆడలేదమ్మీ. నిలబడినా."